గవాహీ ఇచ్చే కార్లు: టక్కర్ 48 కథ

వాషింగ్టన్‌లో అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియం ఉంది, స్మిత్‌సోనియన్ సంస్థ నడిపేది. అందులో 1039 నంబరు టక్కర్ కారు ఒకటి ఉంది. దాన్ని ఏ రయీసూ తోహ్ఫాగా ఇవ్వలేదు, మ్యూజియం వాళ్లు ఖరీదు చేయలేదు. మాదకద్రవ్యాల కేసులో జప్తు చేసిన మాలులో ఈ కారు కూడా చిక్కింది. 1990ల మొదట్లో అమెరికా మార్షల్స్ దాన్ని తెచ్చి మ్యూజియానికి అప్పజెప్పారు. ఇప్పుడది కౌమ్ ఆస్తి, కౌమ్ అమానత్. అదే సర్కారు అంతకు నలభై ఏళ్ల కింద ఈ కారు చేసిన మనిషిని దగాబాజ్ అని అదాలత్ మెట్లెక్కించింది. కారు తయారుచేసే నియ్యతే అతనికి లేదని, జనం పైసలు దండుకోవడానికే నాటకమాడాడని ఇల్జామ్.

అందుకే పాత కార్ల షౌక్ ఉన్నవాళ్లలో టక్కర్ మాట వస్తే గొంతులు మారతాయి. మిగతా అరుదైన కార్ల విషయంలో అసలుదా, నకిలీదా అన్న సవాల్ ధర కోసం పుడుతుంది. టక్కర్ విషయంలో ధరతో పాటు ఇంకొకటి ఉంది. ఈ కారు ప్రతి ఒక్కటీ ఒక గవాహీ. అది నడిచిందా, ఎలా నడిచింది, దాని లోపల ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చింది అన్నదే ప్రెస్టన్ టక్కర్ సచ్చా మనిషా, ఝూటా మనిషా అన్నదానికి సుబూత్. మొత్తం చేసినవి 51. ఒకటి నమూనా, యాభై కార్లు. వాటిలో 47 ఇప్పటికీ ఉన్నాయి. ఇంత తక్కువ సంఖ్యలో తయారై, ఇంత ఎక్కువ భాగం బతికిన కారు అరుదు.

ప్రెస్టన్ థామస్ టక్కర్ 1903లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. డెట్రాయిట్ గాలి పీల్చి పెరిగినవాడు. చదువు పెద్దగా లేదు. కార్లు అమ్మాడు, రేసింగ్ కార్ల ఉస్తాద్ హ్యారీ మిల్లర్‌తో కలిసి పనిచేశాడు. 1935లో ఇండియానాపోలిస్ రేసు కోసం ఫోర్డ్ ఇంజన్లతో కార్లు చేయించిన జోడీ ఈ ఇద్దరిదే. ఇప్సిలాంటీ అనే ఊళ్లో ఇంటి వెనక సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాడు. మాటకారి. ఎదుటివాడి జేబులోంచి చెక్కు బుక్కు దానంతటదే బయటికొచ్చేలా మాట్లాడేవాడని అతన్ని మెచ్చుకున్నవాళ్లూ అంటారు, తిట్టినవాళ్లూ అంటారు.

జంగ్ ముగిసింది. మూడేళ్లకు పైగా అమెరికాలో మామూలు జనానికి కొత్త కార్లు తయారుకాలేదు. కర్మాగారాలన్నీ ట్యాంకులు, విమానాలు చేశాయి. తర్వాత పెద్ద కంపెనీలు మళ్లీ షట్టర్లు ఎత్తి జంగ్‌కు ముందరి నమూనాలనే కాస్త పూత మార్చి అమ్మాయి. జనం దగ్గర పైసలున్నాయి, కొత్తదనం కావాలి. టక్కర్ సరిగ్గా ఆ మౌకా చూశాడు. ఇంజను వెనక పెడతానన్నాడు. ఢీకొన్నప్పుడు అద్దం పగిలి మొహంలో దిగకుండా ఫ్రేములోంచి ఊడి బయటికి పడేలా చేస్తానన్నాడు. డ్యాష్‌బోర్డుకు మెత్త వేయిస్తానన్నాడు. ముందు సీటు ఎదుట ప్రమాద సమయంలో వంగి దాక్కునే చోటు ఉంచుతానన్నాడు. మధ్యలో మూడో హెడ్‌లైటు, స్టీరింగు తిప్పితే మలుపు వైపు తిరిగేది. జనం దాన్ని రాక్షసుడి ఒంటికన్ను అన్నారు. ఈ మాటలు 1946లో చెప్పిన మాటలని గుర్తుంచుకోవాలి. మెత్తటి డ్యాష్‌బోర్డు మామూలు కార్లలో అలవాటు కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కర్మాగారం చికాగోలో దొరికింది. బీ-29 బాంబర్ విమానాల ఇంజన్లు చేసిన డాడ్జ్ ప్లాంటు. 475 ఎకరాలు, ఆనాడు ప్రపంచంలోని అతి పెద్ద భవనాల్లో ఒకటి. జంగ్ ఆస్తులు అమ్మే సర్కారీ విభాగం దాన్ని టక్కర్‌కు కిరాయికిచ్చింది. వెంటనే ఇళ్ల శాఖ పెద్ద ఒకాయన అడ్డు తగిలాడు, అక్కడ రెడీమేడ్ ఇళ్లు తయారు చేయించాలని. ఆ ఝగడా తేలేసరికి నెలలు పోయాయి. ఉక్కు కోసం సర్కారీ ఉక్కు మిల్లులకు టక్కర్ వేసిన బిడ్లు తిరస్కరించారు. ఇప్పుడు ఆ స్థలంలో ఒక షాపింగ్ మాల్, ఒక చాక్లెట్ కర్మాగారం ఉన్నాయి.

1947 జూన్ 19న వేల మందిని పిలిచి మొదటి కారు చూపించాడు. పనివాళ్లు దానికి పెట్టిన ముద్దుపేరు టిన్ గూస్, రేకు బాతు. ముందు రాత్రి దాని సస్పెన్షన్ చేతులు విరిగిపోయాయి. రాత్రంతా కూర్చుని బాగుచేశారు. కారు స్టేజీ మీదికొచ్చేసరికి ఇంజను గోల ఎక్కువైంది, బ్యాండు వాళ్లను గట్టిగా వాయించమన్నారు. ఆ ఇంజను అసలు సాహసమే. 589 ఘనపు అంగుళాల దైత్యం. కవాటాలు చమురు ఒత్తిడితో తెరుచుకోవాలి. కానీ ఇంజను తిరిగితేనే కదా చమురుకు ఒత్తిడి వచ్చేది! అందుకే దాన్ని స్టార్టు చేయడానికి బయటి నుంచి పెద్ద బ్యాటరీలు కావాల్సివచ్చింది. గేర్‌బాక్సు లేదు, ఒక్కో వెనక చక్రానికి ఒక్కో టార్క్ కన్వర్టరు. గేర్లు లేవు కనక రివర్సు కూడా లేదు. ఈ చిన్న మాట తర్వాత టక్కర్ మెడకు చుట్టుకుంది.

పైసల సంగతికొద్దాం, గొడవ మొత్తం అక్కడే ఉంది. టక్కర్ బ్యాంకుల దగ్గరికి పోలేదు, పోతే కంపెనీ చేయి జారుతుందని భయం. డీలర్‌షిప్పులు ముందే అమ్మాడు. తర్వాత షేర్లు అమ్మాడు, 40 లక్షల షేర్లు, ఒక్కోటి 5 డాలర్లకు. దాదాపు 44 వేల మంది వాటాదారులయ్యారు. ఎక్కువ మంది చిన్న మనుషులే. అదీ చాలక మూడో దారి తీశాడు. కారు కోసం క్యూలో ఉన్నవాళ్లు ముందుగానే రేడియో, సీటు కవర్లు, సామాన్ల పెట్టెలు కొనుక్కోవచ్చు. కొన్నవాళ్ల పేరు క్యూలో పక్కా. దీనితో సుమారు 20 లక్షల డాలర్లు వచ్చాయి. ఇంకా కారు లేదు, కారు రేడియో అమ్ముడుపోయింది.

తిజారత్ చేసే మన కుటుంబాలకు ఇక్కడ ఒక పాత ఉసూల్ గుర్తొస్తుంది. నీ దగ్గర లేని మాలు అమ్మకు అన్నది. హకీమ్ బిన్ హిజామ్ (రజి.) అడిగిన సవాల్‌కు రసూలుల్లాహ్ (స.అ.వ.) ఇచ్చిన జవాబు నుంచి వచ్చింది అది. మరి చెప్పులు కుట్టేవాడికి కొలత ఇచ్చి, బీరువా చేసేవాడికి బయానా ఇచ్చి వస్తున్నాం కదా, అదెలా జాయిజ్? దానికి ఫుఖహా ఇస్తిస్నా అనే దారి చూపించారు. కారీగర్‌కు పని చెప్పి, మాలు వాడిదే, చేతి పని వాడిదే, ఫలానా వస్తువు ఫలానా విధంగా చేసి ఇవ్వాలి అని చేసుకునే ముఆహదా. జనం రివాజును, జరూరత్‌ను చూసి హనఫీ ఉలమా దాన్ని ఒప్పుకున్నారు. షర్తు ఒక్కటే, వస్తువు ఎలా ఉండాలో ఇద్దరికీ సాఫ్‌గా తెలిసి ఉండాలి. మొదట్లో ఇమామ్ అబూ హనీఫా గారి ప్రకారం వస్తువు చూశాక వద్దనే ఇఖ్తియార్ కొనేవాడికి ఉంది. చెప్పినట్టే చేస్తే తీసుకోవాల్సిందే అని ఇమామ్ అబూ యూసుఫ్ రాయ్. ఉస్మానీల మజల్లా ఆ రాయ్‌నే పట్టుకుంది.

కారు ఆర్డరు ఇస్తిస్నా లాంటిదే. దానికి అభ్యంతరం కష్టం. సామాన్ల పథకం మాత్రం నాకు మింగుడుపడదు. రేడియో వస్తువే, నిజమే. కానీ కొన్నవాడు రేడియో కోసం కొన్నాడా? క్యూలో జాగా కోసం కొన్నాడు. ఆ కారు రాకపోతే రేడియో ఏ గూటిలో పెట్టుకోవాలి? ప్రీ-లాంచ్ ఫ్లాట్లకు అడ్వాన్సు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఇళ్లలో ఈ మాటకు ఎక్కువ తఫ్సీల్ అక్కర్లేదు. అయితే తప్పు తరీఖా వేరు, దగా నియ్యత్ వేరు. అదాలత్‌లో తేలాల్సింది రెండోది.

ఈలోగా చికాగోలో ఇంజనీర్లు దైత్యం ఇంజనును పక్కన పెట్టేశారు. న్యూయార్క్ రాష్ట్రం సిరాక్యూస్‌లో ఫ్రాంక్లిన్ పేరుతో విమాన ఇంజన్లు చేసే కంపెనీని టక్కర్ 18 లక్షల డాలర్లకు కొనేశాడు. బెల్ హెలికాప్టర్‌లో వాడే ఆరు సిలిండర్ల ఇంజనును తీసుకుని, గాలితో చల్లబడేదాన్ని నీళ్లతో చల్లబడేలా మార్చారు. 335 ఘనపు అంగుళాలు, 166 హార్స్‌పవర్. ఆ రోజుల్లో మామూలు కార్లు వందకు అటూ ఇటూ ఉండేవి.

గేర్‌బాక్సు ఎక్కడిది? ఇది కథలో నాకు ఇష్టమైన భాగం. 1936-37లో కార్డ్ అని ఒక అందమైన కారు వచ్చి, పుట్టిన ఏడాదిన్నరకే కంపెనీ మూతపడింది. దాని గేర్‌బాక్సు, చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉండేవి. వెనక ఇంజను పెట్టాలనుకున్న టక్కర్‌కు సరిగ్గా అలాంటి పెట్టే కావాలి. మనుషులను కబాడీ దుకాణాల మీదికి పంపి, పాత కార్డ్ కార్ల గేర్‌బాక్సులు 22 కొనిపించాడు. ఇప్సిలాంటీలో తన సొంత వర్క్‌షాపులో విప్పించి, బలం చేయించి, కొత్త కార్లలో పెట్టించాడు. తర్వాత అదే నమూనాలో కొత్తవీ చేయించాడు. ప్రాసిక్యూషన్ దీన్నే దగాకు సుబూత్ అంది, కొత్త కారని చెప్పి చెత్త కుప్పలో సామాను పెడతాడా అని. మన మొహల్లా మిస్త్రీని అడిగితే వేరే మాట చెబుతాడు. చేతిలో సాధనం లేనప్పుడు చెత్తలోంచి సాధనం తీసి పని నడిపించడం హునర్. నేను మిస్త్రీ పక్షమే, కానీ కొన్నవాడికి ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

1948 జూన్‌లో రేడియో వ్యాఖ్యాత డ్రూ పియర్సన్ టక్కర్ మీద దర్యాప్తు జరుగుతోందని, కారు వెనక్కి కూడా పోలేదని చెప్పాడు. రివర్సు లేనిది టిన్ గూస్‌కు మాత్రమే. తర్వాత వచ్చిన కార్లన్నీ వెనక్కి నడిచాయి. కానీ మాట ఒకసారి గాలిలోకి పోయాక దాన్ని పట్టుకొచ్చేదెవరు? షేరు పడిపోయింది. టక్కర్ పత్రికల్లో పూర్తి పేజీ బహిరంగ లేఖ వేయించాడు. సర్కారులో పలుకుబడి ఉన్నవాళ్లు తన గొంతు నొక్కుతున్నారన్నాడు. 1949 మార్చిలో దర్యాప్తు రహస్య నివేదిక డెట్రాయిట్ పత్రికకు లీకైంది. కర్మాగారం తాళం పడింది. అప్పటికి పూర్తయినవి 37 కార్లు. మిగిలిన కొద్దిమంది పనివాళ్లు సిద్ధంగా ఉన్న ముక్కలతో లెక్క యాభైకి చేర్చారు.

ముఖద్దమా 1949 అక్టోబరులో మొదలైంది. తపాలా మోసం 25 ఇల్జామ్‌లు, షేర్ల చట్టం ఉల్లంఘన 5, కుట్ర 1. సర్కారీ వకీల్ గవాహులను ఒకరి తర్వాత ఒకరు నిలబెట్టాడు. వాళ్లలో మిన్నెసోటా నుంచి వచ్చిన ఒక మాజీ డీలరు ఉన్నాడు. టక్కర్ వ్యవహారంలో 28 వేల డాలర్లు పోగొట్టుకున్నవాడు. కడుపుమంట ఉండాల్సిన మనిషి. ఎదుటి వకీల్ జిరహ్ చేసేసరికి, తన టక్కర్ కారు ఇప్పటికే 35 వేల మైళ్లు తిరిగిందని, ఇప్పటికీ గంటకు 90 మైళ్ల వేగంతో పోతుందని చెప్పాడు. సర్కారు తెచ్చిన గవాహే ముల్జిమ్‌కు గవాహ్ అయ్యాడు. టక్కర్ వకీళ్లు తమ వైపు నుంచి ఒక్క గవాహ్‌ను కూడా పిలవలేదు. నేరమే రుజువు కానప్పుడు సఫాయీ దేనికి అన్నది వాళ్ల వైఖరి. జ్యూరీ 28 గంటలు కూర్చుంది. 1950 జనవరి 22న ఫైసలా వచ్చింది. అన్ని ఇల్జామ్‌ల నుంచి బరీ.

బరీ అయ్యాక ఏం మిగిలింది? కర్మాగారం లేదు. అక్టోబరులో సామాను వేలమైంది. 44 వేల మంది వాటాదారుల పైసలు గాలిలో కలిశాయి. వాళ్లకు ఫైసలాతో వచ్చింది ఏమీ లేదు. టక్కర్ బ్రెజిల్‌లో కొత్త కారు చేయాలని తిరిగాడు, అదీ కాలేదు. 1956 డిసెంబరు 26న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఇంతికాల్ అయ్యాడు. వయసు 53. ఆ ముఖద్దమా నడిపిన సర్కారీ అటార్నీ ఆటో కెర్నర్ తర్వాత ఇల్లినాయ్ గవర్నరయ్యాడు, ఫెడరల్ జడ్జీ అయ్యాడు. 1973లో రేసుకోర్సు షేర్ల రిష్వత్ వ్యవహారంలో తానే తపాలా మోసంతో సహా పలు నేరాల కింద దోషిగా తేలాడు. దీన్ని టక్కర్ అభిమానులు మహా సంబరంగా చెప్పుకుంటారు. ఒకరి గుణా ఇంకొకరి బేగునాహీకి సుబూత్ కాదని నేననుకుంటాను, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు కార్ల పెహచాన్. దూరం నుంచి టక్కర్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. దాదాపు పద్దెనిమిది అడుగుల పొడవు, ఎత్తు ఐదడుగులే. ముందు ఒంటికన్ను. తలుపులు పైకప్పులోకి కూడా కోసుకుని ఉంటాయి, దిగేటప్పుడు తల తగలకుండా. వెనక రేడియేటరుకు జాలీ, కింద ఒకే వరసలో ఆరు పొగ గొట్టాలు. రంగులు ఆరు, ప్రతిదానికీ కోడ్ నంబరు ఉండేది. స్టీరింగు చక్రం లింకన్ కారుది.

అసలు పరీక్ష నంబరు. టిన్ గూస్ 1000. యాభై కార్లు 1001 నుంచి 1050. ఇవి గాక కర్మాగారం మూతపడినప్పుడు పూర్తికాని చాసీలు, బాడీలు కొన్ని మిగిలాయి. సవాళ్లన్నీ అక్కడి నుంచే పుట్టుకొచ్చాయి. మిగిలిన చాసీ మీద మిగిలిన బాడీ పెట్టి, దొరికిన ఇంజను బిగించి యాభై ఏళ్ల తర్వాత పూర్తి చేస్తే అది టక్కరా? ముక్కలన్నీ అసలువే. కానీ 1949లో కార్ఖానా గేటు దాటిన కారు కాదు. ఇంకొకటి పైకప్పు లేని టక్కర్ అంటూ అమ్మకానికొచ్చింది. కంపెనీ రహస్యంగా మొదలుపెట్టిన నమూనా అని అమ్మేవాళ్ల దావా. కర్మాగారం కాగితాల్లో దానికి ఆధారం లేదని టక్కర్ కార్ల క్లబ్బు అంటుంది. నేనైతే కాగితం వైపే ఉంటాను. దస్తావేజు లేని నసబ్‌నామాను మన ఖాందాన్ పెద్దలే ఒప్పుకోరు, ఇక కారు సంగతేంటి.

ఇంజను నంబరు చూసి టక్కర్‌ను తేల్చుకుందామంటే కుదరదు. దానికి కారణం టక్కర్ గొప్పగా చెప్పుకున్న సుగుణమే. ఇంజను మొత్తం ఆరు బోల్టులతో కారుకు వేలాడుతుంది. విప్పితే అరగంటలో బయటికొస్తుంది. ఖరాబైన ఇంజనుకు బదులు వేరొకటి పెట్టి మనిషిని పంపించేయడం కంపెనీ యోచన. కర్మాగారంలోనూ, పరీక్షల్లోనూ ఇంజన్లు ఒక కారు నుంచి మరో కారుకు మారాయి. తర్వాతి యజమానులు ఏకంగా వేరే కంపెనీల ఇంజన్లు పెట్టారు, ఒక బాడీనైతే వేరే కంపెనీ చాసీ మీద ఎక్కించారు. అందుకని చాసీ మీద, బాడీ మీద పోటు వేసిన నంబర్లు కలుస్తున్నాయా అని చూస్తారు. తర్వాత ఆ నంబరు కారు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో సిల్సిలా చూస్తారు. హదీస్ ఇల్మ్ చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉండదు. మత్న్ ఎంత బాగున్నా సనద్ తెగితే అడుగుతారు.

నకళ్లూ ఉన్నాయి. 1988లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ఈ కథను సినిమాగా తీశాడు. అతని తండ్రి కార్మైన్ కొప్పోలా ఆనాడు టక్కర్ షేర్లు కొన్నవాళ్లలో ఒకడు. సినిమాలో ఇరవై వరకు అసలు కార్లు కనబడతాయి, పక్కన ఫైబర్‌గ్లాస్ నకళ్లు కూడా నిలబెట్టారు. 2000 తర్వాత న్యూజెర్సీలో ఒక వర్క్‌షాపు ఫైబర్‌గ్లాస్ బాడీతో, ఆధునిక క్యాడిలాక్ ఇంజనుతో టక్కర్ పోలిక కార్లు చేసింది. వాళ్లు నకలు అని చెప్పే అమ్మారు, అందులో ఐబ్ లేదు. ఐబ్ దాచి అమ్మినప్పుడే గుణా. 2012లో 1043 నంబరు కారు వేలంలో 29 లక్షల డాలర్లు దాటి పలికింది. ధర అంత ఉన్నప్పుడు నంబరు పలక మీద చూపు పడేవాళ్లు తయారవుతారు. ఒక వేలు పెట్టి గీస్తే తెలిసే పరీక్ష ఇనుమే. ఫైబర్‌గ్లాస్‌కు అయస్కాంతం అంటుకోదు.

మరమ్మతు సంగతి మిస్త్రీలకు రుచిగా ఉంటుంది. ఇంజను అల్యూమినియం, అందులోకి దిగిన బోల్టులు ఉక్కు. రెండు లోహాల మధ్య ఏళ్ల తరబడి నీళ్లు నిలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. గాలి కోసం పుట్టిన ఇంజనుకు తర్వాత నీటి దారి చేశారు కాబట్టి ఈ బాధ తప్పదు. వదిలేసిన టక్కర్‌లో బోల్టు విప్పబోతే బ్లాకే విరిగే ప్రమాదం ఉంది. నూనె పోసి, వేడి చేసి, రోజుల తరబడి సబర్ చేయాలి.

గేర్‌బాక్సు ఇంకో కథ. స్టీరింగు పక్కన చిన్న పుల్ల లాంటి లివరు. ముందే గేరు ఎంచుకుని పెట్టుకుంటారు, క్లచ్ తొక్కితే అప్పుడు విద్యుత్తు, వాక్యూమ్ కలిసి గేరు మారుస్తాయి. ఎక్కడో ఒక రబ్బరు గొట్టం పగిలినా, ఒక తీగ తుప్పు పట్టినా గేరు పడదు. తెలియనివాడు పెట్టె మొత్తం విప్పేస్తాడు. తెలిసిన ఉస్తాద్ ముందు గొట్టాలు, తీగలు చూస్తాడు. ఇంజను బలం చూస్తే కార్డ్ గేరు పళ్లు దానికి నాజూకు. తొందరపడి యాక్సిలరేటరు తొక్కేవాడి చేతిలో పళ్లు రాలతాయి. ఈ బాధకు జవాబుగానే టక్కర్ మనుషులు టక్కర్‌మాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు చేశారు. రెండు టార్క్ కన్వర్టర్లు, దాదాపు ముప్పై ముక్కలు మాత్రమే. అది రెండు మూడు కార్లకు మించి చేరలేదు.

సస్పెన్షన్‌లో స్ప్రింగుల బదులు రబ్బరు. రెండు లోహపు ముక్కల మధ్య రబ్బరు అతికించి, అది మెలిపడుతూ బరువు మోస్తుంది. ఉపాయం బాగుంది, రబ్బరు వయసు మాత్రం మన చేతిలో లేదు. ముప్పై నలభై ఏళ్లకు బిగుసుకుపోయి కారు ఒక పక్కకు కుంగుతుంది. బజారులో దొరికే సామాను కాదు. యజమానులు కలిసి కొలతలు తీసి, కొత్త రబ్బరు పోయించుకుంటారు. బాడీ పని అయితే చేతి పనే. రేకుల అతుకుల మీద సీసం కరిగించి పోసి, ఆకురాయి పట్టి నునుపు చేశారు. అందుకే ఏ రెండు టక్కర్‌ల తలుపులూ అచ్చంగా ఒకటి కావు. ఒకదాని తలుపు తీసి ఇంకొకదానికి పెడితే సరిపోదు.

ఇక్కడే షౌకీన్ యజమానికి, దియానత్ ఉన్న యజమానికి తేడా కనిపిస్తుంది. కొందరు బాడీని అద్దంలా మెరిపిస్తారు, 1948లో కూడా లేనంత. ఆ మెరుపు కింద పాత సీసం, పాత సుత్తి దెబ్బలు, తొందరలో పనిచేసిన చేతుల గుర్తులు పోతాయి. దగా చేద్దామనుకున్నవాడు అంత కష్టపడి తలుపు అతుకుతాడా అన్న సవాల్‌కు జవాబు ఆ దెబ్బల్లోనే ఉంది. నా అభిప్రాయంలో విరిగినది మార్చాలి, అరిగినది బాగుచేయాలి, మార్చిన ప్రతి ముక్క పేరూ తారీఖుతో రాసిపెట్టాలి. పాతది పారేయకుండా పెట్టెలో దాచాలి. అతి సఫాయీ వల్ల పోయిన సుబూత్ మళ్లీ రాదు.

పోయిన కార్లలో ప్రతిదీ ఏదో ఒకటి చెప్పే పోయింది. 1018 చెట్టుకు చుట్టుకుంది. 1023 గోదాములో మంటలకు కాలిపోయింది. టక్కర్‌మాటిక్ ఉన్న 1042ను ఎవరో వదిలేస్తే, జనం ముక్కలు ముక్కలుగా పీక్కుపోయారు. 1027 కథ వేరు. 1948 చివర్లో ఇండియానాపోలిస్ ట్రాక్ మీద ఓర్పు పరీక్ష చేస్తుంటే గంటకు 95 మైళ్ల వేగంలో అది పల్టీలు కొట్టింది. ముందు అద్దం పగిలి మీద పడలేదు, చెప్పినట్టే ఊడి బయటికి పోయింది. నడుపుతున్న ఇంజనీరు చిన్న దెబ్బలతో తానే లేచి వచ్చాడు.

పెన్సిల్వేనియా రాష్ట్రం హర్షీలో పాత కార్ల మ్యూజియం ఒకటి ఉంది. డేవిడ్ క్యామాక్ అనే సేకర్త జిందగీ అంతా టక్కర్‌ల కోసమే వెచ్చించి, 2013లో పోతూ తన ఖజానా మొత్తం దానికి వదిలాడు. వరసలో మొదటిదైన 1001, తర్వాత 1022, మిగిలి ఉన్నవాటిలో టక్కర్‌మాటిక్ ఉన్న 1026, విడి ఇంజన్లు, వేలకొద్దీ ఇంజనీరింగ్ డ్రాయింగులు. నడపడానికి కాక నాటకానికే కారు చేసిన కంపెనీ అయితే ఒక్కో బోల్టుకు అన్ని కొలతల నక్షాలు గీయించి ఉండేది కాదు. మరమ్మతు చేసేవాళ్లు ఏదైనా ముక్క కొలత మీద పేచీ వస్తే ఇప్పటికీ ఆ డ్రాయింగుల దగ్గరికే పోతారు.